సఫారీలో ఏది కనబడుతుంది, ఎందుకు కనబడుతుంది: క్రూగర్, మసాయి మారాల విశ్లేషణ

సంక్షిప్తంగా: ఆఫ్రికా సఫారీలో ఒక జంతువు కంటపడటం అన్నది అక్కడ ఆ జంతువులు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా గడ్డి ఎత్తు, నీటి వసతి, వాహనం దారి దిగవచ్చా లేదా అన్న నిబంధన, వాహనాలకు జంతువులు తరతరాలుగా అలవాటు పడిన తీరు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే సఫారీ దర్శనాలను బట్టి అడవి ఆరోగ్యాన్ని అంచనా వేయడం తరచూ తప్పుదారి పట్టిస్తుంది. సులువుగా కనబడటం వల్ల నష్టపోతున్న జంతువులూ ఉన్నాయి.

ఏటా జులై వచ్చిందంటే మారా నది దాటుతున్న విల్డబీస్ట్ (దున్నలా కనబడే పెద్ద జింక) మందల వీడియోలు ఫోన్లను ముంచెత్తుతాయి. వాటిని చూసి కెన్యాకో, దక్షిణాఫ్రికాకో బయలుదేరిన వారి అనుభవాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఒకే వారంలో, ఒకే అడవికి వెళ్లిన రెండు కుటుంబాల్లో ఒకరు ‘బిగ్ ఫైవ్’గా పిలిచే సింహం, చిరుతపులి, ఏనుగు, అడవి దున్న, ఖడ్గమృగం అన్నీ చూశామంటారు. మరొకరు ఇంపాలా జింకలు, దూరాన ఒక ఏనుగు తప్ప ఏమీ కనబడలేదంటారు. ఈ తేడాను అదృష్టానికి వదిలేయడం పరిపాటి. అదృష్టం పాత్ర కొంత ఉన్న మాట నిజమే గానీ, మిగతాదంతా కారణాలు చెప్పగలిగిన వ్యవహారమే. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనాన్ని, దాన్ని ఆనుకుని ఉన్న సాబి శాండ్ ప్రైవేటు అభయారణ్యాన్ని, కెన్యాలోని మసాయి మారాను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కారణాలు ఒక్కొక్కటిగా విడివడతాయి.

కంచె లేని సరిహద్దు, రెండు రకాల నిబంధనలు

1898లో సాబి గేమ్ రిజర్వుగా మొదలై 1926లో జాతీయ వనంగా మారిన క్రూగర్ విస్తీర్ణం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. మన దేశంలో పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యానికి ఐదు రెట్లకు పైమాటే. దాని పడమటి అంచున సుమారు 65,000 హెక్టార్లలో సాబి శాండ్ ఉంది. పశువుల గాలికుంటు వ్యాధి భయంతో 1961లో ఈ రెండింటి మధ్య కంచె వేశారు. 1993లో దాన్ని తీసేశారు. అప్పటినుంచి ఏనుగులు, సింహాలు, చిరుతపులులు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. నేల, వాన, చెట్టూచేమా అంచున పెద్దగా మారవు. అయినా చిరుతపులి దర్శనం విషయంలో రెండు చోట్లకూ పోలికే లేదు. సాబి శాండ్‌లో రెండు మూడు రోజులు ఉన్నవారిలో చిరుతను చూడకుండా తిరిగి వచ్చేవారు అరుదు. క్రూగర్‌లో సొంత కారులో తిరిగేవారికి అదే చిరుత ఎప్పుడో ఒకసారి దొరికే వరం.

ఈ తేడాలో పెద్ద భాగం నిబంధనలదే. క్రూగర్‌లో సందర్శకుడు తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి దారి మీద 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు, నిర్దేశించిన విశ్రాంతి స్థలాల్లో తప్ప కారు దిగకూడదు, దారి వదిలి పొదల్లోకి మళ్లకూడదు, చీకటి పడకముందే క్యాంపు గేటు లోపలికి చేరుకోవాలి. చిరుత రోడ్డు దాటి యాభై అడుగులు లోపలికి నడిస్తే ఆ దర్శనం అక్కడితో ముగిసినట్టే. సాబి శాండ్‌లో బండి పైకప్పు లేనిది; స్టీరింగు దగ్గర గైడు, బానెట్ మీద బిగించిన చిన్న కుర్చీలో జంతువుల జాడలు పట్టే ట్రాకరు కూర్చుంటారు. సింహం, చిరుత వంటివి కనబడినప్పుడు దారి దిగి పొదల మధ్యగా వాటిని అనుసరించే వీలుంది. చీకటి పడ్డాక స్పాట్‌లైట్ వెలుగులో వెతికే వీలూ ఉంది. క్రూగర్‌లో కూడా వనాధికారుల ఆధ్వర్యంలో రాత్రి ప్రయాణాలు నడుస్తాయి గానీ సొంత కారులో వెళ్లిన వారికి ఆ అవకాశం లేదు. చిరుత చురుగ్గా తిరిగే వేళ చాలావరకు రాత్రే కనుక, ఈ ఒక్క నిబంధనే ఫలితాన్ని సగం తేల్చేస్తుంది.

మిగిలిన సగంలో రేడియో ఉంది. ఒక బండికి చిరుత కనబడగానే ఆ కబురు మిగతా బండ్లకు చేరుతుంది. ఒక జంతువు దగ్గర ఒకేసారి రెండు మూడు బండ్లకు మించి ఉండకూడదన్న కట్టుబాటు వల్ల అవి వరుసగా వచ్చి, చూసి, చోటు ఖాళీ చేస్తాయి. సాయంత్రం భోజనాల దగ్గర పది బండ్ల వాళ్లూ చిరుతను చూశామని చెప్పుకుంటే పది చిరుతలు తిరిగాయని అర్థం కాదు; మారులా చెట్టు కొమ్మ మీద ఇంపాలాను వేలాడదీసుకుని కూర్చున్న ఒకే ఒక ఆడచిరుత అందరి ఖాతాలోనూ పడి ఉండవచ్చు. ‘బిగ్ ఫైవ్ గ్యారంటీ’ అని ప్రకటించే సంస్థలు నిజానికి అమ్ముతున్నది ఈ రేడియో వ్యవస్థనే అనుకుంటే పెద్దగా తప్పు లేదు.

వాహనాన్ని జంతువు ఎలా చూస్తుంది

సింహం ముందు పది గజాల దూరంలో పైకప్పు లేని బండి ఆగినా అది కన్నెత్తి చూడకపోవడం మొదటిసారి వెళ్లిన వారికి అంతుబట్టదు. బండిని, అందులో కూర్చున్న మనుషులను అది వేరువేరుగా కాక ఒకే పెద్ద ఆకారంగా పరిగణిస్తుందని గైడ్లు వివరిస్తారు. ఆ ఆకారం నుంచి ఏనాడూ హాని రాలేదు, ఆహారమూ రాలేదు. కనుక దాన్ని పట్టించుకోవలసిన పని లేదు. ఎవరైనా లేచి నిలబడితే, చెయ్యి బాగా చాపితే ఆకారం మారుతుంది, జంతువు తల ఎత్తుతుంది. కూర్చునే ఉండమని గైడ్లు పదేపదే చెప్పేది అందుకే.

ఈ నిర్లక్ష్యం పుట్టుకతో రాదు, నేర్చుకునేది. సాబి శాండ్‌లోని లాండొలోజీ ప్రాంతంలో 1970ల చివరినుంచి ఒక ఆడచిరుతను, తర్వాత దాని పిల్లలను, వాటి పిల్లలను బండ్లు ఓపిగ్గా, దూరం పాటిస్తూ అనుసరించాయి. బండి పక్కన ఉన్నా తల్లి బెదరకుండా పడుకుంటే కూన కూడా బెదరదు. అలా తరాలు గడిచాక ఇవాళ అక్కడి చిరుతల వంశవృక్షాలు గైడ్లకు తెలుసు. మీసాల పై వరుసలోని చుక్కలను ముఖానికి రెండు వైపులా లెక్కపెట్టి, ‘మూడు-నాలుగు’ అన్నట్టు ఒక్కో చిరుతను గుర్తుపడతారు. వేటకు అనుమతి ఉన్న ప్రాంతాల్లో, పశువుల కాపరులతో గొడవలున్న చోట్ల ఇదే జాతి చిరుత ఇంజను చప్పుడు వినగానే మాయమవుతుంది.

అమ్రాబాద్ అభయారణ్యంలో ఫర్హాబాద్ వైపు సఫారీకి వెళ్లి దుప్పులు, కొండముచ్చులను మాత్రమే చూసి వచ్చిన తెలుగువారికి ఈ పోలిక ఉపయోగపడుతుంది. పులి ఒంటరి జీవి. నల్లమల లోయలు, గుబురు పొదల అడవి. బండ్లు తిరిగే దారి మొత్తం అడవిలో ఒక సన్నని గీత. అక్కడ పులి కనబడకపోవడానికి ఇవే చాలు, పులుల కొరతను దానికి కారణంగా చూపనక్కర్లేదు. సింహం గుంపుగా బతుకుతుంది, చాలాచోట్ల బయలు మైదానంలో పడుకుంటుంది, రోజులో ఇరవై గంటల దాకా విశ్రాంతిలోనే గడుపుతుంది. ఒకసారి ఆచూకీ దొరికితే మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటుంది. పర్యాటకుడికి ఇంతకన్నా అనుకూలమైన జంతువు ఉండదు, వేటాడుతుండగా చూడాలన్న కోరిక లేనంతవరకు. సింహాలు ఎక్కువగా వేటాడేది చీకట్లో; వెన్నెల రాత్రులకన్నా చీకటి రాత్రుల్లోనే వాటి కడుపు బాగా నిండుతుందని పరిశోధనల్లో తేలింది.

నేలను చదివే పని

సాబి శాండ్ ట్రాకర్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల షంగాన్ ప్రజలు. తెల్లవారుజామున ఇసుక దారి మీద బండి నెమ్మదిగా సాగుతుంటే, ట్రాకరు చూపు నేల మీదే ఉంటుంది. రాత్రి వెళ్లిన బండి టైరు గుర్తు మీద పాదముద్ర పడి ఉంటే, జంతువు ఆ బండి తర్వాత నడిచిందన్నమాట. పాదముద్ర మీదుగా టైరు గీత ఉంటే అంతకుముందే వెళ్లిపోయింది. ముద్ర అంచులు పదునుగా ఉన్నాయా, రాలిపోయాయా, దానిమీద మంచుబొట్లు పడిన గుంటలున్నాయా, చిన్న పురుగులు దాటిన జాడ ఉందా అన్న వివరాలు గంటల లెక్కను చెబుతాయి. గోళ్ల గుర్తులు కనబడితే అది హైనాదో, చీతాదో కావచ్చు. గోళ్లు లోపలికి ముడుచుకుని నడిచే సింహం, చిరుతల ముద్రల్లో అవి మామూలుగా కనబడవు.

కంటికన్నా చెవి ముందు పట్టే ఆనవాళ్లు ఇంకొన్ని. ఇంపాలాలన్నీ ఒకే వైపు తిరిగి ముక్కుతో బుసకొడుతుంటే అటువైపు వేటజంతువు ఉందని అర్థం. వెర్వెట్ కోతులు చిరుతకు ఒక రకంగా, డేగకు మరో రకంగా, పాముకు ఇంకో రకంగా హెచ్చరిక అరుపులు అరుస్తాయని కెన్యాలోని అంబొసెలిలో జరిగిన పరిశోధన 1980లో నిరూపించింది. శాస్త్రవేత్తలు ధ్వనిముద్రలతో తేల్చిన ఈ సంగతిని గైడ్లు రోజూ పనిలో వాడుకుంటారు. ఎత్తున తిరుగుతున్న రాబందులు ఒక్కసారిగా కిందికి దిగడం కూడా అలాంటి కబురే. ఈ చదువు రాని డ్రైవరు ఒక్కడే ఉన్న బండికి, గైడు-ట్రాకరు జంట ఉన్న బండికి ఒకే దారిలో దొరికే ఫలితం వేరుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

గడ్డి, నీరు, ఒక పాత పొరపాటు

క్రూగర్ ప్రాంతంలో వానలు సుమారుగా అక్టోబరు నుంచి మార్చి వరకు. ఆ నెలల్లో గడ్డి నడుమెత్తు పెరుగుతుంది, పొదలు ఆకులతో మూసుకుంటాయి, ప్రతి గుంటలోనూ నీళ్లుంటాయి కనుక జంతువులు చెల్లాచెదురవుతాయి. మే నుంచి సెప్టెంబరు వరకు ఆకు రాలి, గడ్డి అణగారి, నీళ్లు నదీ మడుగులకూ కొన్ని కుంటలకూ కుదించుకుపోతాయి. జంతువుల సంఖ్య అదే అయినా, అవి వచ్చి చేరే చోట్లు తక్కువవుతాయి, వాటిని దాచే తెరా పలచబడుతుంది. పక్షుల కోసం, అప్పుడే పుట్టిన ఇంపాలా పిల్లల కోసం వెళ్లేవారికి మాత్రం నవంబరు, డిసెంబరులే మంచి నెలలు.

నీరు ఉన్నచోట జంతువులు చేరతాయన్న సూత్రాన్ని ఆధారం చేసుకుని క్రూగర్‌లో 1930ల నుంచి బోర్లు వేసి, కట్టలు కట్టి వందలాది కృత్రిమ నీటి వసతులు కల్పించారు. కరువునుంచి జంతువులను కాపాడటం వాటి ఉద్దేశం. రోడ్డు పక్క నీటి తొట్టి దగ్గర సందర్శకులకు దర్శనాలు దొరకడం అదనపు ప్రయోజనం. ఉత్తర భాగంలో ఇది ఎదురు తిరిగింది. అంతకుముందు నీళ్లు లేక అటు పెద్దగా రాని జీబ్రాలు, విల్డబీస్టులు కొత్త బోర్ల వెంట వచ్చి చేరాయి. వాటి వెంట సింహాలు వచ్చాయి. ఎత్తు గడ్డిలో, పలచగా బతికే రోన్ జింకలకు మేత తగ్గింది, వేట పెరిగింది. 1986లో సుమారు 450 ఉన్న రోన్ జింకలు 1993 నాటికి 45కు దగ్గరగా పడిపోయాయి. ఆ తర్వాత అధికారులు చాలా నీటి వసతులను మూసివేశారు. ఆ రోజుల్లో ఉత్తర క్రూగర్‌కు వెళ్లిన సందర్శకుడికి తొట్టి చుట్టూ మూగిన జీబ్రాలను చూసి అడవి కళకళలాడుతోందనే అనిపించి ఉంటుంది. అదే తొట్టి ఒక అరుదైన జాతిని అంచుకు నెడుతోందన్న సంగతి కంటికి తెలిసేది కాదు.

మారా: పంచాంగం చూసుకోని వలస

మసాయి మారా జాతీయ రిజర్వు విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన టాంజానియాలోని సెరెంగెటి దీనికి దాదాపు పది రెట్లు. ప్రపంచ ప్రసిద్ధమైన వలసలో విల్డబీస్టులు ఏడాదిలో ఎక్కువ కాలం సెరెంగెటిలోనే ఉంటాయి. మారాకు వచ్చేది ఎండలు ముదిరిన జులై నుంచి అక్టోబరు వరకు. దక్షిణ సెరెంగెటి పొట్టిగడ్డి మైదానాల నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడినది, ఖనిజాలు సమృద్ధిగా ఉన్నది. ఫిబ్రవరి ప్రాంతంలో రెండు మూడు వారాల వ్యవధిలో లక్షల దూడలు అక్కడ పుడతాయి. ఆ గడ్డి ఎండగానే మందలు పడమటికి, ఉత్తరానికి కదులుతాయి. వానలు ఎక్కువగా పడే, ఏడాది పొడవునా నది పారే మారా వాటి చివరి మజిలీ. మందను కదిపేది తేదీ కాదు, ఎక్కడో వాన పడిన జాడ. ఆగస్టు 10కి టికెట్టు కొనుక్కున్నవారి కోసం అవి నది దాటవు.

నది ఒడ్డున జరిగేది కూడా వీడియోల్లో కనబడేంత ఉరవడిగా ఉండదు. మంద గట్టు మీద చేరుతుంది, ముందున్నవి నీళ్ల దాకా దిగి ఆగిపోతాయి, వెనకనుంచి తోపిడి పెరుగుతుంది, ఏదో బెదురుతో అన్నీ వెనుదిరుగుతాయి. గంటల తరబడి ఇదే సాగి, ఒక్కోరోజు దాటకుండానే మేతకు మళ్లిపోతాయి. దాటినప్పుడు మొసలి నోట పడేవాటి మీదే కెమెరాల చూపంతా ఉంటుంది గానీ, ప్రాణనష్టం ప్రధానంగా మునకల వల్ల. 2001 నుంచి 2015 వరకు మారా నదిలో ఏటా సగటున 6,200కు పైగా విల్డబీస్టులు మునిగి చనిపోయాయని పరిశోధకులు అంచనా వేశారు. ఆ కళేబరాలు రాబందులకు, చేపలకు మేతవుతాయి. ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నదికి భాస్వరం అందిస్తాయి.

ఈ మహా మంద కూడా ఎప్పుడూ ఇంతే లేదు. 1880ల చివర ఆఫ్రికాలో అడుగుపెట్టిన రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి వీటిని దశాబ్దాల పాటు అణచిపెట్టింది. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయడంతో ఆ వ్యాధి తొలగాక, 1961లో సుమారు రెండున్నర లక్షలున్న విల్డబీస్టులు 1970ల చివరికి 13 లక్షలకు పెరిగాయి. ఇవాళ పర్యాటకులు వేల కిలోమీటర్లు వచ్చి చూసే దృశ్యం ఒకరకంగా పశువైద్యుల సృష్టి.

వలస మారా దర్శనాలను మరో విధంగా మారుస్తుంది. జూన్ నాటికి మైదానంలో ఎత్తుగా పెరిగిన గడ్డిలో పడుకున్న సింహం చెవులు కూడా కనబడవు. మందలు వచ్చి కొన్ని వారాల్లో ఆ గడ్డిని మేసేశాక అదే సింహం అర కిలోమీటరు దూరానికి తెలుస్తుంది. మందలు వెళ్లిపోయిన నవంబరు, డిసెంబరుల్లో కూడా పొట్టి గడ్డి మేలు కొంతకాలం మిగులుతుంది, పైగా రద్దీ ఉండదు. ఈ సంగతి ప్రకటనల్లో తక్కువగా కనబడుతుంది.

కంటికి నిండుగా, లెక్కకు తక్కువగా

ఇక్కడే అసలు తికమక ఉంది. మారాకు వెళ్లి వచ్చినవారు వన్యప్రాణులు పుష్కలంగా ఉన్నాయంటారు, వారు చూసినదీ నిజమే. అయితే 1977 నుంచి 2016 మధ్య కెన్యా మేత భూముల్లో వన్యప్రాణుల సంఖ్య సగటున 68 శాతం తగ్గినట్టు దీర్ఘకాలిక విమాన సర్వేలు చూపించాయి. ఊళ్లు, కంచెలు, పొలాలు విస్తరించిన కొద్దీ మిగిలిన జంతువులు రక్షిత ప్రాంతాల్లోకి కుదించుకుపోతాయి. పర్యాటకుల బండ్లు తిరిగేదీ అక్కడే. చుట్టూ తరుగుతున్నా మధ్యలో సాంద్రత నిలకడగా ఉంటే, బండిలో కూర్చున్న మనిషికి తరుగుదల తెలిసే అవకాశమే లేదు.

తూర్పున లోయిటా మైదానాల నుంచి మారాకు వచ్చే మరో విల్డబీస్ట్ వలస ఉండేది. పొలాలు, కంచెలు దాని దారులను మూసేయడంతో ఆ మంద 1970ల చివరినుంచి సుమారు 80 శాతం తగ్గింది. సెరెంగెటి మంద ఒడ్డుకు చేరిన రోజున నదికి అటూ ఇటూ కిక్కిరిసిన బండ్లలో ఈ రెండో మంద గురించి విన్నవారు ఎందరుంటారో సందేహమే.

రద్దీకి చెల్లించే మూల్యం

సింహాలకు, హైనాలకు వెరచి పగటి పూట వేటాడే చీతా సఫారీ బండ్ల వేళల్లోనే మెలకువగా ఉంటుంది. బండ్లు చుట్టుముడితే వేటకు దారి దొరకదు. వేట దొరికినా ఇంజన్ల సందడి సింహాన్నో, హైనానో ఆ చోటికి రప్పించవచ్చు. కూనలు తల్లికి దూరం కావచ్చు. 2018లో వెలువడిన ఒక మారా అధ్యయనం ప్రకారం పర్యాటకుల రద్దీ ఎక్కువగా ఉన్న చోట్ల ఒక్కో ఆడ చీతా ఒక ఈతలో పెంచి పెద్ద చేయగలిగిన కూనల సగటు 0.2, రద్దీ తక్కువ ఉన్న చోట్ల 2.3. రిజర్వు నియమాల ప్రకారం ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించి ఉండకూడదు. సీజనులో ఆ నియమం ఏమవుతుందో నది ఒడ్డు ఫొటోలే చెబుతాయి.

రద్దీని తగ్గించేందుకు రెండు మార్గాలు అమల్లో ఉన్నాయి. మొదటిది ధర: 2024 నుంచి విదేశీ పెద్దలకు మారా ప్రవేశ రుసుము జనవరి-జూన్ మధ్య రోజుకు 100 డాలర్లు, జులై-డిసెంబరు మధ్య 200 డాలర్లు. ఇది మధ్యతరగతి కుటుంబాన్ని ఆపగలదేమో గానీ, లోపలికి వచ్చిన బండ్లు ఒకే చీతా చుట్టూ చేరకుండా ఆపలేదు. రెండోది పడకల సంఖ్య మీద పరిమితి. రిజర్వు సరిహద్దుల్లో 2005 ప్రాంతం నుంచి ఏర్పడుతూ వచ్చిన కన్సర్వెన్సీల్లో మసాయి భూయజమానులు తమ భూములను కలిపి సఫారీ సంస్థలకు కౌలుకిస్తారు, పశువులను వంతులవారీగా మేపుకుంటారు, నెలనెలా కౌలు అందుకుంటారు. వాటిలో ఒకటైన ఓలారె మొటొరోగిలో 700 ఎకరాలకు ఒక అతిథి గుడారమే ఉండాలన్నది నియమం. ప్యాకేజీలను పోల్చి చూసుకునేవారు జంతువుల జాబితా కన్నా ఈ ఎకరాల లెక్క అడగడం మేలు. ఈ ఏర్పాటు పూర్తిగా పర్యాటకుల రాక మీద నిలబడింది కనుక, 2020లో విమానాలు ఆగినప్పుడు కౌలు చెల్లింపులకే ఇబ్బంది వచ్చింది.

దాచిపెట్టే జంతువు

క్రూగర్ క్యాంపుల్లో ఒక పటం ఉంటుంది. నిన్న, ఇవాళ ఏ జంతువు ఎక్కడ కనబడిందో సందర్శకులు రంగురంగుల గుర్తులు అంటించి చూపుతారు. సింహానికి ఒక రంగు, చిరుతకు ఒక రంగు. మొబైల్ యాప్‌లు వచ్చాక ఇదే పని క్షణాల్లో జరిగి, ఒక చిరుత కబురుకు కార్లు వేగపరిమితి దాటి పరుగెత్తడం, రోడ్డు మూసుకుపోవడం ఎక్కువైంది; 2016లో వనాధికారులు ఈ యాప్‌లను బహిరంగంగానే తప్పుబట్టారు.

ఈ వెల్లడింపులో ఖడ్గమృగానికి మాత్రం చోటు లేదు. 2010 ప్రాంతంలో పదివేల దాకా ఉన్న క్రూగర్ తెల్ల ఖడ్గమృగాలు కొమ్ముల దొంగవేట, మధ్యలో వచ్చిన కరువు కలిసి దెబ్బతీయడంతో పదేళ్లలో రెండు వేల స్థాయికి పడిపోయాయి. ఎక్కడ కనబడిందో రాయవద్దని, ఫొటో పెట్టినా చోటు చెప్పవద్దని సందర్శకులను కోరుతున్నారు. పటం మీద ఆ గుర్తు లేకపోవడం సమాచారాన్ని ఆపినందువల్ల. కనబడిన ఖడ్గమృగానికి కొమ్ము మొదలంటా కోసి ఉండటం కూడా ఇప్పుడు అక్కడ మామూలైంది. దొంగవేటగాళ్లకు ఆశ లేకుండా చేయడానికి మత్తుమందిచ్చి కోసే ఆ కొమ్ము గోరులాగే మళ్లీ పెరుగుతుంది. ఏడాదిన్నర, రెండేళ్లకొకసారి మళ్లీ కోయాల్సిందే.